పడవలో నా చోటు

జూన్ 9

కోపం వచ్చినప్పుడల్లా దాన్ని మనుషుల మీద కాకుండా కాగితం మీద పెట్టమని క్లినిక్‌లో నర్సు చెప్పింది. రక్తపోటు దిగుతుందట. సరే, పెడుతున్నాను.

ఈ రోజు వచ్చిన పర్యాటకుల్లో ఒకాయన, పొట్టి లాగూ, మెడలో కెమెరా, "అసలైన ఆదివాసులు ఎక్కడ కనిపిస్తారండీ?" అని నన్నే అడిగాడు. ఈ కొంగవంపు రేవులో ఇన్నేళ్లుగా పడవలు అద్దెకిచ్చేది నేను. జనాన్ని నది వెంట నడిపించి, మా ఓజిబ్వే తెగవాళ్ల పాత సమాధి దిబ్బలూ, బియ్యం తొక్కిన గుంటలూ చూపించి కథ చెప్పేది నేను. "అదిగో, ఆ కూల్‌డ్రింకుల మెషీను పక్కన కాసేపు నిలబడండి, ఒకరొస్తారు" అన్నాను. కాసేపాగి నేనే వెళ్లి సోడా కొనుక్కున్నాను. పాపం, ఫొటో తీసుకున్నాడు.

కానీ రాయాల్సింది అది కాదు.

ఆ గుంపులోనే ఒకావిడ ఉంది. నలభై ఏడు, నలభై ఎనిమిది ఉంటాయి. అందరూ వెళ్లిపోయాక గుంటల దగ్గరే నిలబడిపోయింది. "నన్ను పసికందుగా ఉన్నప్పుడు ఇక్కడి ఆసుపత్రి నుంచి తీసుకెళ్లి పెంపకానికి ఇచ్చేశారట. మా అమ్మ పేరు ఈ మధ్యే తెలిసింది" అని ఆ పేరు చెప్పింది. ఆ పేరు వినకముందే నాకు తెలిసిపోయింది. ఆ గడ్డం మా ఆర్డిస్ వదినదే. తల్లి జబ్బుపడి ఉంటే సంక్షేమ శాఖవాళ్లొచ్చి ఎత్తుకుపోయిన తన చంటి చెల్లి గురించి వదిన నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

చెయ్యి పట్టుకుని వదిన ఇంటికి నేనే తీసుకెళ్లాను. ఇది గుర్తుంచుకోవాలి. తీసుకెళ్లింది నేనే.

వదిన తలుపు తీసి, ఆవిడ మొహం చూసి, అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. సంతోషంగానే ఏడ్చాను.

పేరు మెరిడిత్.

జూన్ 11

వదిన ఫోన్ చేయలేదు. ఎందుకు చేస్తుంది, ఇంట్లో చుట్టం ఉంది కదా.

జూన్ 14

వదినకిష్టమని దాల్చినచెక్క రొట్టెలు కొనుక్కుని వెళ్లాను. వంటింట్లో కిటికీ పక్క కుర్చీలో మెరిడిత్ కూర్చుని ఉంది. అది నేను కూర్చునే కుర్చీ. అన్నయ్య బతికున్నప్పటి నుంచీ అది నాదే.

నిలబడి చూస్తుంటే వదిన, "ఏమే, కుర్చీలు బోలెడున్నాయి కదా, కూర్చో" అంది.

కూర్చున్నాను. తలుపు పక్కన.

"మెరిడిత్, ఈవిడ మా ఆయన చెల్లెలు. నీకు వదినవుతుంది. వదినా అని పిలువు."

"వదినా" అని పిలిచింది ఆవిడ. పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. ఆ మాట ఆవిడ నోట వింటుంటే నాకు ఒంటికి కారం రాసుకున్నట్టయింది. వదిన అనేది నేను ఆర్డిస్‌ని పిలిచే మాట. దాన్నీ పంచుకోవాలా?

మాలో వదినా మరదళ్లు ఒకరినొకరు ఆటపట్టించుకోవాలి. కాలు లాగాలి, వెక్కిరించాలి. అలా చేయకపోతే చుట్టరికం లేదన్నట్టే లెక్క. అందుకే ఆవిడతో చాలా మర్యాదగా మాట్లాడాను. "మీరు కాఫీ తీసుకుంటారా?" అన్నాను. వదిన నా వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

నాకు కుళ్ళేమీ లేదు. అన్నయ్య పోయి రెండు చలికాలాలైంది. వదినకి ఒక మనిషి తోడు దొరికింది. మంచిదే.

జూన్ 22

ఆ పక్కకు నేను కావాలని వెళ్లలేదు. చెత్తడబ్బాలు నిండిపోయాయి, సంచులు మార్చాలి. మార్చేది నేనే.

రేవుకి అవతల, రెల్లు దగ్గర వదిన పడవ కనిపించింది. మెరిడిత్ నిలబడి ఉంది. చేతిలో పొడుగాటి గడ, వదిన గడ. వదినేమో ముందు కూర్చుంది. నా చోట్లో. పక్కన ఒక ఇసుక బస్తా కూడా పెట్టుకున్నారు, ఎందుకో ఆ విధాతకే తెలియాలి. ఆవిడ గడ వేయడం చూస్తే నవ్వొస్తుంది, సూపు కలుపుతున్నట్టుంది. పడవ గిర్రున తిరుగుతోంది. వదిన నవ్వుతోంది. అలా నవ్వగా నేను చూసి ఎన్నాళ్లయిందో.

ఆగస్టు ఆఖరుకి నదిలో మనోమిన్ పండుతుంది. నీళ్లలో మొలిచే మా బియ్యం. దాన్ని దులపడానికి పడవలో ఇద్దరే ఎక్కుతారు. ఒకరు నిలబడి గడతో తోస్తారు. ఇంకొకరు కూర్చుని, రెండు దేవదారు కర్రలతో కంకులు వంచి, మెల్లగా తట్టి గింజలు పడవలోకి రాలుస్తారు. ఒకరి ఊపిరి ఇంకొకరికి తెలియాలి. లేకపోతే గింజలు పడవలో కాదు, నీళ్లలో పడతాయి. పెళ్లయ్యాక మొదటి ఏడు అన్నయ్యతో పడవెక్కి, అతని తొందర తట్టుకోలేక, వదిన నన్ను పిలిచింది. "మీ అన్నకి గడ ఇస్తే గుర్రాన్ని తోలినట్టు తోలతాడే. నువ్వు రా." అప్పటి నుంచీ గడ ఆమెది, కర్రలు నావి.

పడవలో మూడో చోటు ఉండదు.

చెత్తసంచి పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డానని తర్వాత తెలిసింది. చెయ్యంతా జిగురు.

జూలై 5

సెలవుల జనం. కయాకు పడవలన్నీ అద్దెకెళ్లిపోయాయి. మెరిడిత్ నా గుంపుతో పాటు నడుస్తానని వచ్చింది. దిబ్బల దగ్గర, అక్కడ మా పాతవాళ్లు పడుకుని ఉన్నారు, గట్టిగా మాట్లాడొద్దని నేను చెబుతుండగానే ఆవిడ ఏడ్వడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్లంతా ఆవిడ చుట్టూ చేరారు. ఒకావిడ కౌగిలించుకుంది. ఇంకొకాయన చేతిరుమాలు ఇచ్చాడు. ఇన్నేళ్లుగా అదే చోట నిలబడి అదే కథ చెబుతున్నాను, ఒక్కడి కంట్లో చుక్క రాలేదు. తిరిగి వెళ్లేటప్పుడు అందరూ ఆవిడకే చేతులూపారు.

కొత్తొక వింత, పాతొక రోత.

జూలై 13

వదిన జడ వేసుకున్న తీరు వేరుగా ఉంది. బిగువు తక్కువ, పాయలు ఎగుడుదిగుడు. "ఎవరు వేశారు?" అన్నాను.

"చెల్లి వేసింది. నాకు చేతులు పైకెత్తాలంటే బద్ధకంగా ఉంటోందిలే."

బద్ధకమట. ఆర్డిస్ వదిన ఇప్పుడు రాణీగారు. జడ వేయడానికి ఒకరు, పడవ ఒడ్డుకు లాగడానికి ఒకరు. నిన్న పడవని మెరిడిత్ ఒక్కతే భుజాన వేసుకుని మోసుకొస్తుంటే వెనక చేతులూపుకుంటూ నడిచింది. పోయిన చలికాలమంతా నేను వెళ్లి ఆమె కట్టెలు కొట్టలేదా? అప్పుడు అడిగి ఉంటే జడ కూడా వేసేదాన్ని.

జూలై 20

అడిగేశాను. ఇక ఉండబట్టలేదు.

"వదినా, ఈ ఏడు మనోమిన్‌కి మన పడవ..."

"చూద్దాంలేవే. ముందు కంకులు పండనీ."

ఎప్పుడూ 'చూద్దాం' అనలేదు. జూలై వచ్చేసరికి "కర్రలు నున్నగా చేసుకున్నావా?" అని తనే ఫోన్ చేసేది. ఎడమ చేత్తో కాఫీ పోస్తూ బల్ల మీద సగం ఒలకబోసింది. నా కళ్లలోకి చూడలేదు. మనసులో ఏదో ఉన్నవాళ్లే అలా ఒలకబోస్తారు.

ఏరు దాటి తెప్ప తగలేసినట్టు. అన్నయ్య ఉన్నంత కాలం నేను చెల్లెలిని. ఇప్పుడు సొంత చెల్లెలు వచ్చింది. పోయినవాడి చెల్లెలితో ఇంకేం పని?

కర్రలు నున్నగా చేసుకున్నాను. ఊరికే. చేయడానికి వేరే పని లేక.

జూలై 27

మెరిడిత్ చేప పట్టింది. రేవు బల్ల మీద నుంచే. వాలై చేప, చేయంత పొడుగు. మొదటి చేప. అరుపులు పార్కింగ్ దాకా వినపడ్డాయి. ఊరి పెద్ద విల్మర్ తాత కర్ర తాటించుకుంటూ వచ్చి, "దీన్ని దాచిపెట్టండి, శనివారం విందు" అని అక్కడికక్కడే చెప్పేశాడు.

ఆ ఎర ఇచ్చింది నేను. రేవు దుకాణంలో అడిగినవాళ్లకి ఎర ఇవ్వాలి కాబట్టి ఇచ్చాను. అంతే.

జూలై 30

పొద్దున్నే, జనం రాకముందు, మెరిడిత్ వచ్చింది. చేతిలో నా కోసం కాఫీ.

"వదినా, శనివారం ఏం చేయాలో చెప్తారా? అక్క చెప్పబోయింది, కానీ ఆమె ముందు తప్పు చేస్తానేమోనని భయం. మీరు అందరికీ చెప్తారు కదా, మీరు చెప్తే అర్థమవుతుంది."

మొదటి చేప విందు ఎలా జరుగుతుందో ఇక్కడ పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. పెద్దవాళ్లొకరు ఆ చేప ముక్క చెంచాతో ఎత్తి, పట్టినవాళ్ల నోటి ముందు పెడతారు. పట్టినవాళ్లు తినకూడదు. "నాకొద్దు, ముసలివాళ్లకి పెట్టండి" అనాలి. మళ్లీ పెడతారు. "నాకొద్దు, జబ్బుపడినవాళ్లకి పెట్టండి." మళ్లీ పెడతారు. "నాకొద్దు, ఎవరూ లేనివాళ్లకి పెట్టండి." నాలుగోసారి పెడితే తినాలి. మొదటి ముద్ద తనే మింగేసినవాళ్లని నీళ్లు నమ్మవని పెద్దల మాట. అలాంటివాళ్ల చేతికి గడ ఇవ్వరు. వాళ్ల పడవలో ఎవరూ కూర్చోరు.

నేనేం చెప్పానంటే, చెంచా నోటి ముందుకు రాగానే తినేయమన్నాను. ఆలస్యం చేస్తే పెట్టిన పెద్దమనిషిని అవమానించినట్టని చెప్పాను. మన ఇంట్లో అంతే అన్నాను.

ఆవిడ అరచేతిలో వేలితో రాసుకుంటున్నట్టు, మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. "తినేయాలి. వెంటనే. మన ఇంట్లో అంతే." 'మన' అనే మాట దగ్గర ఆగి మళ్లీ అంది.

అబద్ధమేమీ కాదు. కొన్ని ఇళ్లల్లో అలా కూడా ఉండి ఉండొచ్చు. ఎవరు చూశారు.

కాఫీ బాగుంది. తీపి ఎక్కువ.

జూలై 31

చెప్పేద్దామనుకున్నాను. రేవులో తీరిక దొరకలేదు.

ఈ రోజు వాన. మనిషన్నవాడు రాలేదు.

ఆగస్టు 2

రాయాలి.

వదిన పెరట్లో బల్లలు వేశారు. ఊరు సగం వచ్చింది. ఎవరికి వారు చేపలు, నూనెలో కాల్చిన రొట్టెలు, నేరేడుపళ్ల జామ్ తెచ్చుకున్నారు. మెరిడిత్ పట్టిన వాలైని మాత్రం వేరే గిన్నెలో పులుసు పెట్టారు. విల్మర్ తాత నైవేద్యంగా ఇచ్చే పొగాకు చేతిలో పట్టుకుని మా భాషలో చాలాసేపు ప్రార్థన చేశాడు. మెరిడిత్ రిబ్బన్లు కుట్టిన నీలం రంగు పండుగ లంగా వేసుకుంది. అది వదిన కుట్టిందే. అలాంటిది నాకు ఆకుపచ్చది ఉంది. ఏడేళ్ల కిందటిది.

వదిన చెంచా పట్టుకుని లేచింది, ఎడమ చేత్తో. "తిను చెల్లీ" అని నోటి ముందు పెట్టింది.

మెరిడిత్ నా వైపు చూసింది. ఒక్క క్షణం. నేను చెప్పినట్టే చేస్తున్నాను చూడండి అన్నట్టు, చిన్నపిల్లలా చూసింది. అప్పుడే నేను తల అడ్డంగా ఊపి ఉండొచ్చు. ఊపలేదు. నోరు తెరిచి తినేసింది.

అందరూ 'నాకొద్దు' అనే మాట కోసం చూస్తున్నారు, ఆవిడ నములుతోంది. నములుతూనే అందరి మొహాలూ చూసింది. ఏదో జరగకూడనిది జరిగిందని అర్థమైంది. నమలడం ఆపేసి, ఎలా మింగాలో తెలియనట్టు నిలబడింది. మెడ దాకా ఎర్రబడింది.

వదిన చేతిలో ఖాళీ చెంచా. "ఎవరు చెప్పారే నీకిలా చేయమని?" అంది. కోపంగా కాదు, మెల్లగా.

మెరిడిత్ నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు.

"ఎవరూ చెప్పలేదక్కా. ఆకలేసింది."

విల్మర్ తాత గొంతు సవరించుకున్నాడు. "వేయదూ మరి. నలభై ఏడేళ్ల ఆకలి." నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ప్లేట్లు పట్టుకుని పక్కకి తిరిగారు. వెనక ఎవరో, "ఎంతైనా బయట పెరిగింది కదా" అన్నారు. అన్నది నేను కాదు.

రొట్టెలు తెస్తానని వంటింట్లోకి వెళ్లి, కిటికీ పక్క నా కుర్చీలో కూర్చున్నాను. ఖాళీగానే ఉంది. ఇక ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, ఆవిడ వదిన గడ పట్టదు, నేను కోరుకున్నదే అయింది. చేప ఒక్క ముక్క కూడా గొంతు దిగలేదు.

ఆగస్టు 3

గాలి.

ఆగస్టు 6

దుకాణంలో ఎర డబ్బా ఖాళీ చేస్తుంటే వదిన ఇంటి ఎదురుగా ఉండే లొరేన్ వచ్చింది. "మీ వదిన చెల్లెలు కనబడ్డం లేదే" అంది. నాకేం తెలుసు అన్నాను. "మొదటి ముద్ద మింగిందిలే" అని నవ్వింది. నేనూ నవ్వాల్సింది. మూత పట్టలేదు, చేయి తెగింది.

ఆగస్టు 9

వదిన రేవుకి వచ్చింది. వచ్చి, పడవలు ఆరబెట్టే బల్ల మీద కూర్చుంది. నేను సందర్శకులకి లైఫ్‌జాకెట్లు తగిలించి పంపేదాకా ఆగింది.

"అది వెళ్లిపోతానంటోందే. సామాన్లు సర్దుతోంది. 'నా వల్ల నీ పరువు పోయిందక్కా' అంటోంది."

"అయ్యో" అన్నాను. పైకి అయ్యో. లోపల ఏమనుకున్నానో రాయను.

"ఇది చూడు" అని కుడి చేయి ఎత్తబోయింది. భుజం దాకా కూడా రాలేదు. మొహం నొప్పితో చిట్లింది. "మంచు కరిగిన కాడ్నించీ ఇంతే. ఇక గడ పట్టొద్దన్నాడు డాక్టరు. ఈ ఏడనే కాదు, ఇక ఎప్పుడూ."

జడ. కాఫీ. చెంచా. అన్నీ ఎడమ చేయి. అన్నీ ఈ కళ్లతోనే చూశాను.

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్తే ఏం చేస్తావు? నువ్వూ మానేస్తావు. మీ అన్న పోయిన ఏడు నేను పడవెక్కను అంటే, నువ్వు కర్రలు అటక మీద పడేశావు. ఎంత బతిమాలినా ఎక్కావా? అందుకే, ముందు నీకో తోడు కుదిరాక చెబుదామనుకున్నా. ఇది వచ్చింది. దీనికి నేర్పిస్తున్నా."

"మరి పడవలో నా చోట్లో నువ్వు..."

"కూర్చోకపోతే ఎట్లా? ముందు నీ బరువు ఉంటే గడ ఎట్లా పడుతుందో దానికి తెలియాలిగా. నేను నీ అంత లేనని ఇసుక బస్తా కూడా వేసుకున్నాం." కాస్త నవ్వింది. నవ్వు వెంటనే పోయింది. "నీ చోటు ఎవరూ ముట్టుకోలేదే లవోనూ. ఖాళీ అయింది నా చోటు. అందులో నా వాళ్లెవరైనా నిలబడితే బాగుండు అనుకున్నా. అంతే."

నది వైపు చూస్తూ ఉండిపోయాను. కళ్లలో నీళ్లు. నీటి మీద ఎండ వల్ల కాదు.

వదిన లేచింది. వెళ్తూ వెళ్తూ, నా వైపు తిరగకుండా, "ఏది తప్పు చెప్పాలో తెలియాలంటే ఏది ఒప్పో బాగా తెలిసుండాలే. దానికి చెప్పగలిగినవాళ్లం ఇద్దరమే ఉన్నాం. నేను చెప్పలేదు" అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

వదినకి పధ్నాలుగేళ్లప్పుడు ఒకసారి ఎత్తుకుపోయారు ఆ చెల్లెల్ని. రెండోసారి పంపించేస్తున్నది నేను.

ఆగస్టు 10

పనికి సెలవు పెట్టి వెళ్లాను. మెరిడిత్ వదిన ఇంటి వెనక, తను ఉంటున్న ట్రైలర్ ఇంటి ముందు కారు డిక్కీలో పెట్టె పెడుతోంది. నన్ను చూసి, "మీరు రేవుకి వెళ్లలేదా?" అంది. నేను నేర్పిన 'మీరు'.

దారంతా అనుకున్న మాటలన్నీ పోయాయి. "నీకు తప్పు చెప్పాను. కావాలనే చెప్పాను. నువ్వు నా చోటు తీసుకుంటున్నావనుకుని, కడుపుమంటతో చెప్పాను" అన్నాను.

ఆవిడ పెట్టె మీద చేయి పెట్టి నిలబడింది.

"విల్మర్ తాత ముందు రోజే చెప్పాడు నాకు" అంది. "మూడుసార్లు వద్దనాలి, నాలుగోసారి తినాలి అని."

నాకు అర్థం కాలేదు. "మరి తెలిసీ ఎందుకు తిన్నావు?"

"తాత చెప్పింది ఊరి మాట అనుకున్నాను. మీరు చెప్పింది ఇంటి మాట. మన ఇంట్లో అంతే అన్నారుగా." పెట్టె పట్టీ సర్దింది. "ఇల్లని ఒకటుండి, దానికో పద్ధతుండి, అది నాకు ఎవరైనా చెప్తే చాలనిపించింది. నా నలభై ఏడేళ్లలో ఎవరూ నాకు 'మన ఇంట్లో' అనలేదు."

నేను అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాను. సిగ్గు. ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు.

"మరి వదిన అడిగితే ఎవరూ చెప్పలేదన్నావెందుకు?"

"అప్పటికి మీ మొహం చూశాను."

కాసేపటికి ఆవిడ కూడా వచ్చి పక్కన కూర్చుంది. దోమలు ఇద్దరినీ కుడుతున్నాయి. నన్ను క్షమించానని ఆవిడ అనలేదు. క్షమించమని నేనూ అడగలేకపోయాను. చివరికి నేనే, "నువ్వు గడ వేయడం చూశాను. సూపు కలుపుతున్నట్టుంది" అన్నాను.

నా వైపు వింతగా చూసింది.

"మాలో వదినా మరదళ్లు ఇలాగే మాట్లాడుకోవాలి. ఇది మాత్రం నిజం. కావాలంటే తాతని అడుగు."

"అడుగుతా" అంది. "మీ మాట ఇక ఊరికే నమ్మను."

పెట్టె కారులోనే ఉంది. ఉంటుందో వెళ్తుందో చెప్పలేదు. కారు మాత్రం కదల్లేదు.

ఆగస్టు 28

కోత ఎప్పుడో తేల్చే బియ్యం పెద్దలు నిన్న పడవలో వెళ్లి కంకులు చూసొచ్చారు. ఈ రోజు కోతకి నది తెరిచారు. తెల్లారేసరికి రేవు నిండా పడవలు, ట్రక్కులు, మనుషులు. ఏ పడవా నీళ్లలోకి దిగకముందు, అందరూ నదికి నైవేద్యంగా పొగాకు వేయడానికి గుమిగూడినప్పుడు, ముందుకి వెళ్లి నిలబడ్డాను. ఈ రేవులో గుంపుల ముందు నిలబడి మాట్లాడటం నా పని. ఈ రోజు చెప్పాల్సింది నా గురించే.

"ఆ రోజు విందులో మెరిడిత్ చేసిన తప్పు తనది కాదు. అలా చేయమని నేను చెప్పాను. అసూయతో చెప్పాను."

లొరేన్ నోరు తెరిచింది. వదిన నేల వైపు చూస్తోంది.

విల్మర్ తాత, "తెలుసు" అన్నాడు. "ఆ రోజు నువ్వు చేప ముట్టలేదు. నువ్వు చేప వదిలేయడం నేనెప్పుడూ చూళ్లేదు." ఈసారి కొందరు నవ్వారు. తాత మెరిడిత్ వైపు తిరిగాడు. "చేపకి మొదటిసారి మళ్లీ రాదమ్మా. అది పోయింది. బియ్యానికి మాత్రం నీకింకా మొదటిసారి రాలేదు. గడ పట్టుకో."

అయినా నీళ్లు నమ్మని మనిషి పడవలో ఎవరు కూర్చుంటారన్నట్టు అందరూ చూస్తున్నారు. నేను వెళ్లి నా చోట్లో కూర్చున్నాను.

రోజంతా తిట్టాను. కుడి, ఎడమ, మెల్లగా, ఆ కంకుల మీదకి ఎక్కించకు, నీకు కళ్లున్నాయా. "ఇసుక బస్తా నయం, మాట్లాడేది కాదు" అంది వెనక నుంచి. చెప్పకూడదు కానీ బాగా అంది. మధ్యాహ్నం దాటాక ఎప్పుడో తిట్టడం మరిచిపోయాను. గింజలు పడవలో పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. వదినతో ఉన్నట్టు లేదు. ఉండదు కూడా. ఒడ్డున వదిన మడతకుర్చీలో కూర్చుని, కనిపించేంత దూరమూ మా పడవనే చూస్తూ ఉంది.

సెప్టెంబరు 7

బియ్యం వేయించి, తొక్కి, చెరిగి, ఈ రోజు వండారు. వదిన పెరట్లోనే. మళ్లీ ఊరు సగం. మెరిడిత్ అదే నీలం లంగా. నేను ఆకుపచ్చది వేసుకున్నాను, నడుము దగ్గర కాస్త బిగుతు.

వదిన చెంచా ఎత్తింది. "తిను చెల్లీ."

"నాకొద్దక్కా. ముసలివాళ్లకి పెట్టండి. విల్మర్ తాతకి." తాత తిన్నాడు.

"తిను చెల్లీ."

"నాకొద్దు. జబ్బుపడినవాళ్లకి పెట్టండి. నీ చెయ్యి బాగాలేదు కదా అక్కా, నీ నోట్లోనే పెట్టుకో." వదిన తింది. కళ్లు తుడుచుకుంది.

మూడోసారి. ఎవరూ లేనివాళ్ల వంతు.

మెరిడిత్ అందరి మొహాలూ చూసి, నా దగ్గర ఆగింది. నా పక్కన ఎవరూ లేరని ఈ ఎండాకాలమంతా నాకు నేనే చెప్పుకున్నాను కదా, అది నా మొహం మీద రాసుందేమో.

"నాకొద్దు. మా వదినకి పెట్టండి" అంది. "ఆ రోజు చేప తినలేదు."

నవ్వుల మధ్య వదిన చెంచా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నోరు తెరిచాను.

బియ్యంలో పొగ వాసన బాగుంది. ఉప్పు తక్కువ. వండింది మా మరదలే. రేపు పడవలో చెప్తాను.